ఆయుధపూజలో నూనె పడ్డ బ్రేకు

నేను ఒక బ్రేకును. ఆ మాట వినగానే మీ కళ్లముందు లారీయో రైలో మెదులుతుంది. నన్ను చూస్తే మాత్రం నవ్వొస్తుంది. బొటనవేలి గోరంత రబ్బరు బిళ్ల, దాని వెనక ఒక స్ప్రింగు, ఆ స్ప్రింగును బిగించడానికీ వదులు చేయడానికీ ఒక మర. అంతే నేను. చేతులు కడుక్కున్నాక తుడుచుకోవడానికి గోడకు తగిలించిన కాగితం పెట్టె ఉంటుంది చూడండి, అందులో కాగితపు చుట్ట పక్కన ఒదిగి ఉంటాను. మీరు కాగితం లాగుతారు, చుట్ట తిరుగుతుంది. మీ చెయ్యి ఆగాక కూడా అది తిరుగుతూనే ఉండాలని చూస్తుంది. దాని నడుం పట్టుకుని ఇక చాలు అనేది నేను. లోకంలో ఇంతకన్నా చిన్న పెత్తనం మరొకటి ఉండదు.

నన్ను పోతపోసిన కర్మాగారంలో నాలాంటివి బస్తాలకొద్దీ ఉండేవి. పరీక్ష చేసే అమ్మాయి కాగితాన్ని ఒక్కసారి లాగి, అది తెగిన చోటు చూసి, ఆవులించి పక్కన పెట్టింది. నా యోగ్యతాపత్రం ఆ ఆవులింతే. అక్కడినుంచి విశాఖపట్నంలో హోటళ్లకు సామాను అమ్మే ఒకాయన కొట్టుకు చేరాను. ఆయన గోదావరి కాలువ పక్కనున్న ఒక ఎయిడెడ్ హైస్కూల్లో చదువుకున్నాడట. చదువుకున్న బడికి ఏదో ఒకటి చేయాలనుకున్నాడు. బడికి బెంచీలు తక్కువ, వానొస్తే రెండు గదులు కారతాయి. ఆయన కొట్లో మాత్రం కాగితం పెట్టెలు ఎక్కువ. అలా నేను విద్యారంగంలో అడుగుపెట్టాను.

పోయిన ఏడాది కార్తీకమాసంలో స్టాఫ్‌రూము పక్కన, కుళాయి దగ్గర నన్ను ప్రారంభించారు. రిబ్బను కట్టారు, కత్తిరించారు. హెడ్మాస్టరు వరాహమూర్తి గారు పరిశుభ్రత మీద మాట్లాడారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ కాగితం ముట్టుకోలేదు. వాడితే అయిపోతుందని భయం. చేతులు కడుక్కుని, నా ముందు నిలబడి, నన్ను మెచ్చుకుని, పంచెకో చీరకొంగుకో తుడుచుకుని వెళ్లేవారు.

మొదటి ముక్క డ్రిల్లు మాస్టారు లాగారు. రెండోది కూడా ఆయనే లాగారు. అది వరాహమూర్తి గారు చూశారు. ఆ సాయంత్రమే నా మర బిగిసింది. మర్నాడు ఎవరు లాగినా తడి వేళ్లకు తునక మాత్రమే వచ్చేది. అయ్యవార్లందరూ వేళ్లకు కాగితం పీలికలు అంటించుకుని పాఠాలు చెప్పారు. తెలుగు పండితుల వారి మీసానికి అంటిన ముక్క సాయంత్రం దాకా అక్కడే ఉంది, చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. డ్రిల్లు మాస్టారికి కోపం వచ్చి మర పూర్తిగా వదులు చేశారు. అప్పుడు కాగితం నేలదాకా జారింది. పొద్దున బిగువు, మధ్యాహ్నం వదులు. ఇద్దరు పెద్దమనుషుల పంతం మధ్య నలిగినవాడికి నా బాధ తెలుస్తుంది.

తగువు తీర్చింది సైన్సు మాస్టారు ఉమాకాంతం గారు. జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగే మనిషి.

"బిగిస్తే పొదుపు కదండీ సార్?" అన్నారు వరాహమూర్తి గారు.

"బిగిస్తే చిరుగుద్దండి. చిరిగితే ఇంకోటి లాగుతారు. ఇంక పొదుపెక్కడుందండీ?"

"పోనీ వదిలేస్తేనో?"

"వదిలేస్తే మీ గదిదాకా వచ్చి మిమ్మల్ని పలకరిస్తుందండి."

ఎనిమిదో తరగతిని వరండాలోకి తెచ్చి నా దగ్గరే ఘర్షణ పాఠం చెప్పారాయన. చుట్ట నిండుగా ఉన్నప్పుడు బరువు మీద పరుగెత్తుతుంది, సన్నబడే కొద్దీ లాగడానికి మొండికేస్తుంది, రెంటికీ సరిపడే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని వెతకాలి అన్నారు. వెనకనుంచి ఒక పిల్ల అడిగింది: "మరి బ్రేకుకి నొప్పెట్టదాండీ?"

ఆయన నవ్వలేదు. "అరుగుతుందమ్మా. నొప్పి సంగతి కనుక్కుని చెప్తాను" అన్నారు.

ఆ చోటు వెతికేటప్పుడు కాగితం లాగి చూసింది ఆయన భార్య భ్రమరాంబ గారు. ఆమె ఆ బళ్లోనే సోషల్ టీచరు. ఇంట్లో ఎలా పిలుచుకునేవారో నాకు తెలియదు గానీ, బళ్లో మాత్రం ఒకరినొకరు పరాయివాళ్లలా మర్యాదగా పిలుచుకునేవారు.

"టీచర్ గారూ, ఒకసారి లాగండి."

"కొంచెం బిగువుగా ఉంది సార్."

ఆయన మరను వెంట్రుకవాసి తిప్పారు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు బాగుంది."

అంతే. ఆ రోజునుంచి కాగితం చిల్లుల గీత దగ్గర చక్కగా తెగేది. నా జీవితంలో అంతకన్నా మంచి రోజులు లేవు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న ఉమాకాంతం గారు మళ్లీ లేవలేదు. నాకీ కబురు బడి తెరిచాక తెలిసింది. చేతులు కడుక్కునే చోట మనుషులు అన్నీ చెప్పుకుంటారు. భ్రమరాంబ గారు ఏడవలేదని కూడా అక్కడే విన్నాను. శవం దగ్గర ఏడవలేదట, పెద్దకర్మనాడు ఏడవలేదట. ఆమె మామూలుగా వచ్చి మామూలుగా పాఠం చెప్పి వెళ్లేది. అది బడికి పెద్ద సమస్య అయిపోయింది.

"లోపల పెట్టుకుంటే గుండెకి మంచిది కాదండి. ఏదో ఒక రకంగా ఏడిపించాలి" అన్నారు డ్రిల్లు మాస్టారు, వ్యాయామం చేయించాలి అన్నంత ధీమాగా. తెలుగు పండితులు ఆమె వినేలా కరుణరసం పాఠం గట్టిగా చెప్పి చూశారు. ఆ గదిలో పిల్లలు ఏడ్చారు, పక్క గదిలో ఆమె అక్బరు పరిపాలన చెప్పుకుంటూ పోయింది. వరాహమూర్తి గారు తన వంతుగా ఒక ఉత్తర్వు ఇచ్చారు: కాగితం ఒకరికి ఒక్క ముక్కే, భ్రమరాంబ టీచర్ గారికి మాత్రం ఎన్నయినా. ఆమె ఎప్పుడూ ఒక్కటే తీసుకునేది.

బడి తెరిచిన నెలలోనే పొదుపు గుర్తుకొచ్చి వరాహమూర్తి గారు మళ్లీ నా మర బిగించబోయారు. ఆమె వెనకనుంచి వచ్చింది.

"అది ఆయన పెట్టింది సార్. ఉండనివ్వండి."

"కొంచెమే టీచర్ గారూ..."

మర్నాడు ఆమె సంచిలోంచి గోళ్లరంగు సీసా తీసింది. అప్పటికి ఆ రంగు ఆమె గోళ్ల మీద లేదు. పెట్టె తెరిచి మర తల మీద ఒక చుక్క వేసి, ఆరేదాకా నిలబడి ఊదింది. ఎర్రగా గట్టిపడింది. ఇక ఎవరు తిప్పినా రంగు పగిలి తెలిసిపోతుంది. ఆయన చెయ్యి తిప్పి వదిలిన చోటు అలాగే ఉండాలి, ఆమెకు కావలసింది అంతే. మిగిలినవన్నీ, బట్టలూ పుస్తకాలూ, చుట్టాలు సర్దేశారట. ఎవరూ సర్దనిది నేనొక్కణ్ణే.

ఆ మరను మూడు నెలలు ఎవరూ తాకలేదు.

దసరా సెలవులిచ్చే రోజు బళ్లో ఆయుధపూజ చేస్తారు. గంటకూ గ్లోబుకూ సూక్ష్మదర్శినికీ బొట్లు పెడతారు. ఇదివరకు ఆ పని ఉమాకాంతం గారూ, ఆయా వీరాయమ్మా కలిసి చేసేవారట. ఆయన చెప్పినచోటల్లా ఆమె కుట్టుమిషను నూనె వేసేది. నేను వచ్చాక ఇదే మొదటి దసరా. నాకు నూనె వేయకూడదని చెప్పవలసిన మనిషి లేడు. వీరాయమ్మ అన్నిటికీ వేసి, చివరికి నా దగ్గరకొచ్చి పెట్టె తెరిచింది.

"మా సారు చేతిమీద పెట్టిన మిషనువి. నీకు తక్కువ చేస్తానా?" అంది.

ఎర్ర చుక్కను వేలితో కూడా తాకలేదు. నా రబ్బరు మొహం మీద మాత్రం ధారగా పోసింది. కొత్త చుట్ట ఎక్కించింది. బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, పెట్టె మీద ఒక అరటిపండు ఉంచి దణ్ణం పెట్టింది. దేవుణ్ణయిన రోజే నేను దేనికీ పనికిరాకుండా పోయాను.

ఆ మధ్యాహ్నమే ప్రయోగశాలలో ఉమాకాంతం గారి పటం పెట్టారు. కిటికీలోంచి మాటలు నాకు వినిపించాయి. అందరూ మాట్లాడారు, అందరూ ఏడ్చారు. డ్రిల్లు మాస్టారు మధ్యలోనే కూర్చుండిపోయారు. భ్రమరాంబ గారు లేచి, "మాస్టారు ఈ గదిలో పాతికేళ్లు పనిచేశారు. వస్తువులను జాగ్రత్తగా చూసుకునేవారు. మీరూ చూసుకోండి" అని కూర్చుంది. అంతమంది చేతిరుమాళ్లు సిద్ధం చేసుకున్నది దీనికా అన్నట్టు గదంతా ఒక నిట్టూర్పు వినబడింది.

తర్వాత పులిహోర పంచారు. ఆమె రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, నా ముందుకొచ్చి కాగితం లాగింది.

నేను పట్టుకోబోయాను. జారిపోయింది. మళ్లీ పట్టుకోబోయాను. నూనె మీద నూనె. నిండు చుట్ట దొరికిందే సందని పరుగు తీసింది. కాగితం ఆమె చేతుల మీదినుంచి మోచేతుల మీదికి, అక్కడినుంచి పాదాల మీదికి వచ్చి పడుతోంది. ఆమె పెట్టె తెరిచి, వంగి ఎర్ర చుక్క చూసింది. చెక్కుచెదరలేదు. మర అక్కడే ఉంది, ఆయన వదిలిన చోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా. అయినా కాగితం ఆగడం లేదు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. చిన్నగా, ముక్కుతో. కాగితం ఇంకా లాగింది. ఇంకా వచ్చింది. ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో నాకు తెలియదు. చూసేసరికి ఆమె రెండు చేతులా కాగితం పోగేసుకుని, మొహం అందులో దాచుకుని, గట్టిగా, చిన్నపిల్లలా ఏడుస్తోంది. ఏడుస్తూనే లాగుతోంది.

వరాహమూర్తి గారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యో చుట్టంతా... ఆపండి టీచర్ గారూ, ఆపండి!"

వీరాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు ఊరుకోండి సారూ. ఇన్నాళ్లకి ఏడుత్తుందండి ఆయమ్మ. కాగితం పోతే పోయింది, రానియ్యండి."

ఆయన ఆగిపోయారు. వాలుగా ఉన్న వరండాలో కాగితం ఎనిమిదో తరగతి గుమ్మందాకా దొర్లింది. చివర అట్టగొట్టం ఒక్కటే మిగిలి, టకటకా కొట్టుకుని నిలిచింది.

ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. అప్పుడు వరాహమూర్తి గారు నేలమీద గొంతుక్కూర్చుని ఆ కాగితాన్ని గొట్టానికి మళ్లీ చుట్టడం మొదలుపెట్టారు. డ్రిల్లు మాస్టారు ఎదురుగా కూర్చుని, దారపుచిలక పట్టినట్టు రెండు చేతులా పట్టి అందించారు. పండితుల వారు మడతలు తీశారు. తడిసినదీ దుమ్ము పట్టినదీ ఏదీ వదల్లేదు. చివరికి అది తలగడంత లావై, ఏ పెట్టెలోనూ పట్టనిదై, బీరువా మీదికెక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

సెలవులయ్యాక బడి తెరిచిన ఉదయం అందరికన్నా ముందు భ్రమరాంబ గారు వచ్చింది. స్పిరిట్‌లో దూది ముంచి నన్ను తుడిచింది. నూనె పోయింది. కానీ నూనె తాగిన రబ్బరు మునుపటి రబ్బరు కాదు. పాత చోట పెడితే ఇప్పుడు చుట్టను పట్టలేను. ఆమె రెండుసార్లు లాగి చూసింది. రెండుసార్లూ జారింది.

తర్వాత తలలోంచి పిన్ను తీసి, ఎర్ర చుక్కను గీకింది. పెచ్చులుగా రాలింది. సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. దాని పిడి నాకు తెలుసు. మరను బిగించి, లాగి చూసింది.

"కొంచెం బిగువుగా ఉంది సార్" అంది.

వరండా ఖాళీగా ఉంది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. తర్వాత తనే మరను వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, మళ్లీ లాగింది. కాగితం వచ్చింది, నేను పట్టుకున్నాను, గీత దగ్గర తెగింది.

"ఇప్పుడు బాగుంది" అంటూ చేతులు తుడుచుకుని, హాజరుపట్టీ తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది. కొత్తగా చుక్క వేయలేదు. పాత రంగు పెచ్చు ఒకటి మర గాడిలో ఇప్పటికీ ఉంది. చుట్ట తిరిగినప్పుడల్లా అది కొంచెం కదులుతుంది.