కొట్టేసిన ఇరవై

పద్మనాభం గారు పెట్టిన నియమాన్ని పద్మనాభం గారే తప్పారు, అదీ గోంగూర కోసం.

రియాద్‌లోని ఆ ల్యాబులో పని, వజ్రంతో పోటీపడే, రాతిని కోసే రంపాల పళ్ల గట్టితనం కొలవడం. వజ్రపు మొనతో నొక్కి, పడిన గుంట మూల నుంచి మూలకు ఎంతుందో మైక్రోస్కోపులో చదవాలి. గుంట ఎంత చిన్నదైతే సరుకు అంత గట్టిది. వెంట్రుక మందంలో నాలుగో వంతుండే గుంట కాబట్టి, రెండు మూడు మైక్రాన్లు పొరబడినా నాసిరకం సరుకు మేలురకం అయి కూర్చుంటుంది. అందుకే ఇద్దరు విడివిడిగా చదివి, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా చీటీ మీద రాయాలని ఆయనే కాగితం రాసి గోడకు అంటించారు.

ఆ గురువారం సాయంత్రం, మనవాళ్ల సరుకులు దొరికే బతా బజారులో గోంగూర దిగిందని ఫోను వచ్చింది. ఆలస్యమైతే కాడలే మిగులుతాయి. ఎడమ కంట్లో శుక్లం ముదురుతున్న సంగతి ఎవరికీ చెప్పని పెద్దమనిషి, అలవాటుగా ఆ కంటితోనే చూసి, "పదిహేడు. నువ్వూ తొందరగా చూసెయ్యమ్మా" అన్నారు.

ఉజ్వల వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఇంజినీరు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. చాలాసేపు చూసింది.

"ఎంతొచ్చింది?"

"మీకు వచ్చినంతే సార్."

ఆయన చీటీలను చూడకుండానే ఫైల్లో పెట్టి, రిపోర్టు పంపి, బతా బస్సెక్కారు.

నెల తిరక్కుండా, నజ్రాన్ దగ్గరి క్వారీలో ఆ పళ్లు వారానికే అరిగిపోయాయని సరుకు వెనక్కి వచ్చింది. మేనేజరు అబ్దుల్ ఘనీది హైదరాబాద్. ఇద్దరినీ పిలిచాడు.

"ఎవరు చదివిండ్రు?"

"ఇద్దరం చదివామండీ. ఇద్దరిదీ ఒకటే అంకె" అన్నారు పద్మనాభం. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఆయనకు రెన్యూ కావలసిన నెల అది.

"కొత్తోళ్లతోని ఇదే లొల్లి. ఈ అమ్మాయిని ఇంటికి పంపుదాం" అన్నాడు ఘనీ. ఉజ్వల తల దించుకుంది. పద్మనాభం పెన్ను మూతను పరీక్షగా చూస్తూ కూర్చున్నారు.

సీటుకి వచ్చాక ఫైలు తీశారు. ఆమె చీటీలో పదిహేడు పైన, గట్టిగా కొట్టేసిన మరో అంకె ఉంది. ఇరవై. ఆ రోజు చూసిన పన్ను ముక్కనే మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టి, ఈసారి కుడి కంటితో చూశారు. ఇరవై. ఉజ్వలను పిలిచారు.

"ఎందుకు కొట్టేశావమ్మా?"

"మీరు పెద్దోళ్లు సార్. మీరు పదిహేడు అన్నంక, తప్పు నా కండ్లదే అనుకున్న."

ఆయన చీటీలు రెండూ తీసుకెళ్లి ఘనీ బల్ల మీద పెట్టారు.

"ఈ రెండు చీటీల మీది పదిహేడూ నాదేనండీ. ఈ అమ్మాయి అంకె ఆ కొట్టేసింది. నాకు ఎడమ కన్ను ఆనడం లేదు. ఆరు నెలలైంది."

ఘనీ ఏమంటాడోనన్న భయం కాదు; గుమ్మంలో నిలబడి అంతా విన్న ఉజ్వల ముఖంలోకి చూడలేక, ఆయన తల ఎత్తలేదు.