మొదటి నవ్వు

మైకు పట్టుకుని జనాన్ని నవ్వించి బతికేవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. జనం జోకుకి నవ్వరు, పక్కవాడు నవ్వితే నవ్వుతారు. ఆ మొదటి నవ్వు ఎక్కడో ఒకచోట పుట్టాలి. మన మహానుభావుడికి అది మూడో వరస చివరి కుర్చీలో పుట్టేది. ఆ కుర్చీలో ఆయన భార్య కూర్చునేది.

ఆమె గొంతులో ఏముందో గాని, ఆమె నవ్విందంటే విన్నవాడు ఎందుకని అడక్కుండా నవ్వేసేవాడు. ఒక టీ దుకాణం పైగదిలో సగం ఖాళీ కుర్చీలకు జోకులు వినిపించుకుంటున్న రోజుల్లో ఆయన ఆ నవ్వు విని ప్రేమలో పడ్డాడు. తన మీదే ప్రేమనుకుని ఆమె మురిసిపోయింది, పిచ్చిది.

పైగదిలోంచి హోటల్ హాళ్లకు, అక్కణ్ణుంచి పెద్ద ఆడిటోరియాలకు ఎక్కాడు. బుర్ర మాత్రం పైగదిలోనే వదిలేసి వచ్చాడు. లావుగా ఉన్న అన్నయ్య మీద ఒక జోకు, నత్తి ఉన్న మేనమామ మీద ఒక జోకు, ఇంట్లోవాళ్లు అయిపోయాక ఇరుగుపొరుగు. చుట్టాలు ఆయన్ని చూడగానే నోటికి తాళం వేసుకునేవారు. పేపరువాళ్లు అడిగితే, నేను నా జీవితాన్నే దాపరికం లేకుండా చెప్తాను అని ఛాతీ విరుచుకునేవాడు. చెప్పేది ఎప్పుడూ ఎదుటివాళ్ల జీవితమే. సిగ్గన్నది ఆ చుట్టుపక్కల తిరిగిన దాఖలాల్లేవు.

ఆమె మాత్రం ఊరూరా అదే కుర్చీలో కూర్చుని, విని విని అరిగిపోయిన జోకులకు కూడా అప్పుడే విన్నట్టు నవ్వేది. ఎక్కడైనా ఆలస్యమైతే ఆయన ఎడమచేత్తో మైకు స్టాండు సర్దేవాడు. అంటే, కానియ్యి అని.

ఆమె తల్లి వాళ్లతోనే ఉంటోంది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపిన మనిషి. ఇప్పుడు మతిమరుపు ముదిరి, దువ్వెన దొరికినా గరిటె దొరికినా చెవికి ఆనించుకుని, ఎవరు కావాలండీ, లైన్లో ఉండండి, అంటుంది. ఒకరోజు కూతురు బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ దువ్వెన పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అల్లుడుగారు మామగారికి కలపమన్నారట. ఎంతసేపు ప్రయత్నించినా లైను కలవడం లేదట. ఆ మామగారు, అంటే ఆవిడ భర్త, పోయి ఎన్నో ఏళ్లయింది.

అల్లుడుగారు పక్కగదిలో కూర్చుని, ఆ ముక్కని ఎలా చెబితే పేలుతుందా అని అద్దం ముందు సాధన చేస్తున్నారు.

ఆమె గొడవ చేయలేదు. గది తలుపు దగ్గరగా వేసి ఒక్కమాట చెప్పింది.

"నన్నేమన్నా అనుకో. అమ్మని మాత్రం స్టేజి ఎక్కించకు."

"ఛ, నేనంత దుర్మార్గుడిలా కనిపిస్తున్నానా? అత్తయ్య నాకు అమ్మతో సమానం. తీసేశాన్లే," అన్నాడాయన, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

నెల తిరక్కుండానే ఆయన గంట కార్యక్రమాన్ని కెమెరాలు పెట్టి రికార్డు చేసే రోజు వచ్చింది. అది నాలుగు దేశాల్లో చూపిస్తారని ఇంటికొచ్చిన ప్లంబరుకి కూడా చెప్పి చంపాడు. మాట ఇచ్చాడు కదా అని ఆమె తల్లిని పక్కింటావిడకు అప్పగించి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. అన్నయ్యకు నవ్వింది, మేనమామకు నవ్వింది. హాలు ఆమె వెనకే ఊగింది.

అప్పుడాయన జేబులోంచి దువ్వెన తీసి చెవికి పెట్టుకున్నాడు.

ఆయన అత్తగారి గొంతు పెట్టాడు, వణుకు పెట్టాడు, ఏడుపు కూడా పెట్టాడు. "మామగారికి కలపమన్నాను. పాపం, ఇంకా కలుపుతూనే ఉంది," అని ముగించి, నవ్వు కోసం ఆగాడు. ఆమె నవ్వలేదు. హాల్లో అక్కడక్కడ ఎవరో కిసుక్కుమని, తోడు లేక మానేశారు. ఎవరో దగ్గారు. ఆయన మైకు స్టాండు సర్దాడు. మళ్లీ సర్దాడు. ఆమె ఆయన కళ్లలోకే చూస్తూ నోరు బిగించుకుని కూర్చుంది.

నవ్వు రాకపోతే ఏడుపుతోనైనా గట్టెక్కాలి. అది వాళ్ల వృత్తిలో ఆఖరి ఆయుధం. ఆయన స్టూలు మీద కూలబడి, గొంతు గద్గదం చేసుకుని, లైట్లు తగ్గేదాకా ఆగాడు.

"అత్తయ్య మీద జోకులేశాను. కానీ ఆవిడ నాకు దేవత. ఆవిడ కంట్లో నీటిచుక్క కనిపిస్తే నా ప్రాణం విలవిల్లాడిపోతుంది."

కంటి చివర ఒక చుక్క కూడా తెప్పించాడు. కెమెరా దగ్గరికి జరిగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆమె నవ్వింది.

కావాలని నవ్వలేదు. ఇన్నేళ్లూ ఆ కుర్చీలో కూర్చుని నవ్విందంతా కూలిపని. ఇది మాత్రం కడుపులోంచి తన్నుకొచ్చింది, ఆపుకోవడం ఆమె తరం కాలేదు. పక్కవాడు అందుకున్నాడు. వెనక వరస అందుకుంది. చూస్తుండగానే హాలంతా పొట్టలు పట్టుకుంది.

మహానుభావుడు స్టూలు మీంచి లేచాడు. ఆ ముఖంలో చుక్క నెత్తురు లేదు.

"లేదండీ, నిజంగా చెప్తున్నాను. ఇది జోకు కాదు," అన్నాడు.

ఆయన జీవితంలో అంత నవ్వు ఎప్పుడూ రాలేదు.