ఇళ్లకు ఇకపై లేదు

యూనియన్ హాల్లో పదకొండు కంప్యూటర్ల తెరల మీద ఒకే ప్రకటన. "గృహ వినియోగదారులకు ఈ వ్యవస్థ ఇకపై అందదు. వ్యాపార సంస్థలు మా ప్రతినిధిని సంప్రదించగలరు."

నేనక్కడే ఉన్నాను. ఆ హాల్లో కంప్యూటర్లు బాగుచేసేది నేనే. ఉదయం షిఫ్టు దిగిన కుట్టుమిషన్ ఆడవాళ్లు అప్పుడే వచ్చి కూర్చున్నారు. ఒకామె తెర మీద వేలుపెట్టి కూడబలుక్కుని చదివింది.

"గృహ వినియోగదారులంటే ఎవరన్నా?"

"మనమేనమ్మా."

"మనల్ని పొమ్మంటున్నారా?"

యంత్రాలు ఆ రోజే ఆగిపోవు. కానీ ఇక మరమ్మతులు రావు. కొత్త జబ్బు సోకితే మందుండదు. ఒక్కొక్కటే మూలపడతాయి.

విద్యార్థి మిత్రులారా, కార్మిక సోదరులారా, ఈ వ్యవస్థ ఎవరు కట్టారో ముందు మీకు తెలియాలి. కంప్యూటర్ను నడిపించే ఆ ప్రోగ్రాం కంపెనీ సొత్తుగా పుట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూడని వేలమంది ఊరికే రాసి, ఊరికే పంచారు. వాళ్లలో ఒకడు మా లేత్ మామ. ముప్పై ఏళ్లు లేత్ మిషన్ దగ్గర నిలబడ్డాడు. దానికి రెండు వేళ్లు, ఊపిరితిత్తులు ఇచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభై దాటిన వయసులో, ఈ హాల్లోనే ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాడు. ఆఫీసులు పారేసిన పాత కంప్యూటర్లు కూడా నడిచేలా చేసే భాగం పదకొండేళ్లుగా ఆయనే చూసుకునేవాడు.

ఇప్పుడీ ప్రకటన పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ నాలుగేళ్ల కిందట వచ్చింది. "మీరు రాయండి, మేం భద్రంగా దాస్తాం" అంది. మేం నమ్మాం. అలా తాళాలు దాని చేతికి వెళ్లాయి.

ప్రకటన వచ్చిన మధ్యాహ్నమే మీటింగు పెట్టాం. కటింగ్ మాస్టర్ లేచాడు.

"కంపెనీ ఇచ్చింది, కంపెనీ తీసుకుంది. ఊరికే వచ్చినదానికి ఇంత గొడవెందుకు?"

మామ కూర్చునే అన్నాడు. నాలుగు మాటలకోసారి దగ్గు ఆపుతోంది. "ఊరికే వచ్చిందా? నా కళ్లు పోయాయి దాని మీద. నీ కూతురు అప్లికేషన్ రాసుకున్నది దాని మీదే గదా. ఊరికేనా?"

మర్నాడు కంపెనీ దగ్గరికి మాతో నడిచినవాళ్లలో మాస్టరూ ఉన్నాడు.

కంపెనీ భవనంలో ఆ రోజు వ్యాపార ఖాతాదారుల సమావేశం. అరవై మందిమి గేటు ముందు నిలబడ్డాం. మేనేజరు బయటికొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"బ్యాంకులు, ఆస్పత్రులు అడుగుతున్నాయి పెద్దాయనా. కంపెనీ నడవాలి కదా."

"వాళ్లకి అమ్ముకో బాబూ, వద్దన్నానా?" అన్నాడు మామ. " మా తలుపెందుకు మూస్తావ్?"

"రెండూ చూసుకోడానికి మాకు మనుషుల్లేరు."

"మనుషులం మేమున్నాం గదయ్యా. ఇన్నేళ్లూ చూసింది మేమే."

మేనేజరు గడియారం చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం మామ హాలుకొచ్చి తన పని తెరవబోయాడు. ఎనిమిది వేళ్లతో మూడుసార్లు పాస్‌వర్డ్ కొట్టాడు.

"మర్చిపోయానేమోరా" అన్నాడు.

మర్చిపోలేదు. "మీ ప్రవేశం రద్దు చేయబడింది" అని వచ్చింది. చదివి వినిపించాను. ఆయన చేతులు అలాగే కీబోర్డు మీద ఉండిపోయాయి.

"ఫ్యాక్టరీ మూసినప్పుడు గేటు పట్టుకుని ఏడ్చాను. దీనికి పట్టుకోడానికి గేటు కూడా లేదేంరా."

ఆ రోజు నుంచి మంచం దిగలేదు.

దారి చూపింది ఆయన కూతురు. ఆమె కూడా కుట్టుపనే చేస్తుంది. ఆ ప్రోగ్రాంతోపాటు వచ్చే లైసెన్సును కాలేజీ పిల్లల చేత చదివించుకుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, కంపెనీ పేరు మాత్రం వాడకూడదు అని అందులో రాసి ఉంది.

"అంటే గుడ్డ మనదే. కంపెనీ లేబులు ఊడదీసి మనం కుట్టుకోవచ్చు. అంతేనా అన్నా?"

"అంతేనమ్మా."

కాపీ తీశాం. లోపల కంపెనీ పేరు మూడువేల చోట్ల ఉంది. ఆడవాళ్లు వంతులవారీగా కూర్చుని, గింజల్లో రాళ్లు ఏరినట్టు, ఒక్కొక్కటే తీసేశారు. కాలేజీ పిల్లలు మామ మంచం పక్కన కూర్చుని, పాత కంప్యూటర్ల భాగం నేర్చుకున్నారు. ఆయన చెబుతూ చెబుతూ ఆయాసంతో ఆగిపోయేవాడు. వాళ్లు పెన్నులు పట్టుకుని ఎదురుచూసేవాళ్లు.

మంచం పట్టిన పంతొమ్మిదో రోజు పట్టపగలు మామ పోయాడు. పోయేముందు కూతుర్ని అడిగాడు, "లేచిందా?" అని. మా కాపీతో అన్నిటికంటే పాత కంప్యూటరు నడిచిందా అని.

"లేచింది నాన్నా" అందామె.

అది అప్పటికి లేవలేదు. రెండు రోజుల తర్వాత లేచింది. తెర వెలగగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లాను.

"అబద్ధం చెప్పి పంపాను అన్నా" అంది.

నెల తిరక్కుండా నాలుగువందల ఇళ్లకు కాపీలు చేరాయి. పక్క పేటల నుంచి వచ్చి పట్టుకెళ్లారు. అప్పుడు కంపెనీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. మేం చూడకుండా వదిలేసిన చోట, ఒకే ఒక్క చోట, దాని పేరు మిగిలిపోయిందట. "మా సొత్తు దొంగిలించారు" అంది.

పోలీసులు పదకొండు కంప్యూటర్లూ వ్యానుకెక్కించారు. తర్వాత ఇన్‌స్పెక్టరు గుంపు వైపు తిరిగాడు.

"ఒరిజినల్ ఎవరి దగ్గరుంది? అదొక్కటీ ఇచ్చేస్తే మిగతావాళ్ల జోలికి రాను."

మామ కూతురు ముందుకొచ్చింది. "ఒరిజినల్ అంటూ వేరే లేదు సార్. ఏ ఇంట్లో ఉన్నది ఆ ఇంట్లో ఒరిజినలే."

"వేళాకోళమా?"

"కాదు సార్. నాలుగువందలూ పట్టుకెళ్లాలి. మీ వ్యాను చాలదు."

ఆమెను జీపెక్కించారు. కటింగ్ మాస్టర్ అడ్డం పడబోతే ఆమే వద్దంది. "ఇంటికెళ్లి కాపీలు తీయండి బాబాయ్" అంది.

జీపు మలుపు తిరిగింది. హాల్లో ఖాళీ బల్లలు తప్ప ఏమీ మిగల్లేదు. ఎవరూ లోపలికి వెళ్లలేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఎవరిళ్లకు వాళ్లు నడిచారు. పొద్దుగూకే వేళకు, మా ఇంట్లో ఉన్న కాపీ కోసం, నా గుమ్మం ముందు వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఖాళీ పెన్‌డ్రైవులున్నాయి.