ఖాళీ బుట్ట బరువు

నేను ఒక బుట్టను. తాడు కట్టిన బుట్టను. ఈ రెండవ మాట చెప్పకపోతే మొదటి మాటకు విలువ లేదని మనవి చేస్తున్నాను. తాడు లేని బుట్టలు ఏ కూరగాయల దుకాణంలోనైనా కావలసినన్ని దొరుకుతాయి.

మధ్యధరా సముద్రపు ఒడ్డున నేపుల్స్ అనే రేవుపట్టణం ఉన్నది. దాని పాతపేటలో సందులు ఎంత ఇరుకైనవంటే, ఎదురింటివారి కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి మన కిటికీలో కూర్చునే తెలుసుకోవచ్చును. మేడలు ఎత్తైనవి, మెట్లు నిటారైనవి. అందుచేత అక్కడి గృహిణులు కిటికీలో నుండి తాడుతో బుట్టను దింపుతారు. క్రింది దుకాణదారు సరుకు వేసి తాడును ఒకసారి గుంజుతాడు. బుట్ట పైకి పోతుంది. ఇంత సులువైన ఏర్పాటు తక్కిన ప్రపంచానికి ఎందుకు తోచలేదో నాకు తెలియదు.

నన్ను అల్లిన వృద్ధుడు కొండప్రాంతంవాడు. చెట్టు బెరడు తీసిన పలుచని బద్దలను నీళ్ళలో నానబెట్టి, ఒక్క మేకు కూడా వాడకుండా అల్లాడు. నన్ను కొన్నది కొంచెత్తా అనే దర్జీ పనిచేసే స్త్రీ. పై అంతస్తులో ఉండేది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగును ఆమె నిద్రలో కూడా తీసేది కాదు. నా తాడు మీద ఆ ఇత్తడి రాపిడిని బట్టే ఆమె చేతిని గుర్తించేదానిని.

క్రింద రొట్టెల దుకాణం ఆమె చెల్లెలు నూంజియాది. తల్లి ఆ దుకాణం వెనుక గదిలోనే జబ్బుపడి ఉండగా, కొంచెత్తా ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా సేవ చేసి, ఒకనాడు అలసి పైకి వచ్చి పడుకొన్నది. ఆ తెల్లవారుజామునే తల్లి కన్నుమూసింది. అక్కను కాసేపు నిద్రపోనిద్దామని నూంజియా లేపలేదు. అంతే! ఆ దినము మొదలు కొంచెత్తా చెల్లెలితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆనాడు లేపని మనిషి ఆ తరువాత ప్రతి ఉదయం లేపింది. వెలుగు రేకలు వస్తూండగా తాడుకు ఒక చిన్న గుంజు. నన్ను పైకి లాగితే వేడి రొట్టె ఉండేది. కొంచెత్తా రొట్టె తీసుకొని నన్ను ఖాళీగా దింపేది. క్రింద ఒక పిండి చేయి నా అడుగంతా తడిమి చూసేది. ఒక పండో, పువ్వో, కనీసం ఒక దారపు ముక్కో దొరుకుతుందేమోనని కాబోలు. ఏమీ ఉండేది కాదు.

"చెల్లెలితో మాట్లాడవు గానీ, ఆమె రొట్టె మాత్రం గొంతు దిగుతోందా కొంచెత్తా?" అని ఎదురు కిటికీ ఆవిడ ఎగతాళి చేసేది.

"రొట్టెతో నాకు గొడవ లేదమ్మా" అనేది కొంచెత్తా.

మనుషులు కోపాన్ని ఇంత క్రమశిక్షణతో పాటిస్తారు. ప్రేమ విషయంలో ఆ శ్రద్ధ చూపగా నేను చూడలేదు.

ఏళ్ళు గడిచాయి. నూంజియా చనిపోయింది. దుకాణపు తలుపుకు ఇటుకలు పేర్చి మూసివేశారు. అంత్యక్రియల మరునాటి ఉదయం తాడుకు చిన్న గుంజు తగిలింది.

కొంచెత్తా నన్ను పైకి లాగింది. నాలో ఏమీ లేదు. కానీ రొట్టె బరువు ఉన్నది. బుట్టకు బరువు విషయంలో పొరపాటు జరగదు. ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు నిలబడింది. ఒకసారి గదిలోకి చూసింది, ఏదైనా వేద్దామన్నట్టు. వేయలేదు. ఖాళీగానే దింపింది. ఇటుకల్లో నుండి వచ్చిన చేయి నన్ను తడిమింది. ఆ చేయి చల్లగా ఉన్నది. పిండి మాత్రం అలాగే ఉన్నది.

తరువాత కొంచెత్తా కూడా పోయింది. ఆమె దూరపు బంధువు జెన్నారో ఆ గదిని యాత్రికులకు అద్దెకిచ్చి, నన్ను కిటికీలో నుండి క్రింది ఇటుకల దాకా అలంకారంగా వేలాడదీశాడు. వచ్చినవారు నాతో ఫోటోలు దిగేవారు. ఉదయపు గుంజును గాలి అనుకొనేవారు. క్రింద ఆ చేయి మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నది.

అటువంటి రోజుల్లో కాకినాడ నుండి భ్రమరాంబగారు, ఆమె భర్త సోమయాజులుగారు ఆ గదిలో దిగారు. వారి భాష నీకెలా తెలిసిందని అడగకండి. ఖాళీగా ఉన్నదానిలో ఏ మాటైనా పడుతుంది.

మొదటి ఉదయమే భ్రమరాంబగారు పిలిచారు. "ఏవండీ, ఇలా రండి. ఎవరో తాడు లాగుతున్నారు."

"గాలి. సముద్రం పక్కనే ఉంది కదే."

"గాలయితే ఊపుతుంది. ఇది లాగింది." ఆమె నన్ను పైకి తీసి ఉలిక్కిపడ్డారు. "అబ్బ, ఇంత బరువేంటండీ! చూస్తే ఏం లేదు."

"ఇలా తే. కాకినాడ రేవులో సర్వీసంతా తూకాలు చూసినవాణ్ణి, ఖాళీ బుట్ట బరువు నువ్వా నాకు చెప్పేది?" సోమయాజులుగారు నన్ను అందుకొన్నారు. ఒక చేతి నుండి ఇంకొక చేతికి మార్చి చూశారు. "తాడు తడిసినట్టుంది" అన్నారు చివరకు. తాడు పొడిగా ఉన్నది.

"ఎవరో ఏదో పంపారండీ."

"ఏం పంపారే? ఖాళీ! కనబడటం లేదూ?"

"కంటికి ఖాళీ. చేతికి కాదు. పంపినవాళ్ళకి ఉత్త గిన్నె తిప్పి పంపిస్తామా ఏంటి? మా అమ్మయితే చిటికెడు పంచదారయినా వేసేది."

"దెయ్యాలక్కూడా మర్యాదలా?"

"దెయ్యమే అనుకోండి. పొద్దున్నే లేచి పంపింది కదా, పాపం."

ఆమె సంచిలో నుండి రెండు గొట్టం కాజాలు తీసి, కాగితంలో పెట్టి, నన్ను దింపారు.

ఇటుకల ముందు ఆగాను. చేయి వచ్చింది. అలవాటు ప్రకారం నా అంచు దగ్గర మొదలుపెట్టి, కాగితం తగలగానే ఆగిపోయింది. సందులో ఆరవేసిన బట్టలు కదలడం మానుకొన్నాయి. ఆ చేయి కాజాలను తీసుకోలేదు. వాటి మీద కాసేపు అలాగే ఉన్నది. తరువాత లేదు.

పైకి వచ్చాక చూస్తే కాజాలు ఉన్నాయి; కాగితం మీద పిండి వేళ్ళ గుర్తులు ఉన్నాయి. భ్రమరాంబగారు ఒక కాజా చేతిలోకి తీసుకొన్నారు. అది ఎండుటాకు కంటె తేలికగా ఉన్నది.

"వేషాలు! ఇలా ఇవ్వు" అని సోమయాజులుగారు రెండవది నోట్లో వేసుకొని కొరికారు. నమలడం ఆపారు. "పాకం ఏమైందే? నిన్న బానే ఉందే! ఇది... ఏమీ లేదు." ఆ దినము ఆయన మరి గాలి ప్రస్తావన తేలేదు.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. క్రింద ఉన్నామె దానిని అక్క జవాబని నమ్మి స్వీకరించింది. పంపినదెవరో సముద్రాలకు ఆవలి స్త్రీ. ఇంతకాలం నిజాయితీగా బరువులు మోసిన నేను ఒక అబద్ధాన్ని మోశానా?

మరునాటి ఉదయం తాడుకు క్రింది నుండి గుంజు రాలేదు. పైన కిటికీ చట్రానికి ఇత్తడి తగిలిన చప్పుడైంది. కిటికీకి కట్టిన నా తాడు ముడి తనంతట తాను విడిపోయింది. తాడు మీద ఆ పాత రాపిడి! నాలో ఏదో బరువైనది పడింది. నేను మెల్లగా క్రిందికి దిగసాగాను.

సోమయాజులుగారు మంచం మీద నుండి లేచి తాడు పట్టుకోబోయారు.

"ముట్టుకోకండి" అన్నారు భ్రమరాంబగారు గొంతు తగ్గించి. "ఈ ఇంటావిడ దింపుకుంటోంది."

ఆ దంపతులు మరునాడే వెళ్ళిపోయారు. తరువాత వచ్చిన యాత్రికులు బుట్ట తనంతట తాను దిగుతున్నదని భయపడి ఫిర్యాదు చేయగా, జెన్నారో నా తాడును కోసి, నన్ను గదిలో అలమర మీద పెట్టి, ప్లాస్టిక్ నిమ్మకాయలతో నింపాడు. తాడు కట్టిన బుట్టనని మొదట చెప్పుకొన్నాను. చెప్పుకొనే హక్కు నాకు ఇంకా ఉన్నదనే నమ్ముతున్నాను. ఎందుకంటే వెలుగు రేకలు వచ్చేవేళ నేను ఒకసారి బరువెక్కుతాను. తేలికపడతాను. తరువాత, ఇత్తడి తొడుగున్న చేతి నుండి, మళ్ళీ బరువెక్కుతాను. నిమ్మకాయలు మాత్రం కదలవు.