విమల రాయి మీది తారీఖు

రాళ్ళు చెక్కి బతికే నా ఇంట్లోకి ఒక రాయి గురించిన వీడియో వచ్చి ఇంత చిచ్చు పెడుతుందని నేను అనుకోలేదు. పంపింది మా బామ్మర్ది నగేశ్. ఏది దొరికినా పూర్తిగా చూడకుండానే అందరికీ తోసేసే రకం. అందులో ఒకాయన ఊపిరి తీసుకోకుండా అరుస్తాడు. యెరూషలేము దగ్గర పాత సమాధి బయటపడిందట, అందులో ఎముకలున్న రాతిపెట్టె దొరికిందట, దాని మీద ‘యోసేపు కుమారుడు యేసు’ అని చెక్కి ఉందట. ఎముకలు ఇక్కడే ఉంటే మరి లేచిందెవరు, అని చివర్లో ఒక నవ్వు.

మా ఆవిడ మణెమ్మ దాన్ని మంగళవారం చూసింది. బుధవారం అన్నం సగంలో వదిలేసింది. మంచి శుక్రవారం నాడు చర్చికి వచ్చింది కానీ ఒక్క పాటకూ నోరు తెరవలేదు. ఇంటికి రాగానే, “ఆదివారం సమాధుల కాడికి నేను రాను,” అంది.

ఈస్టర్ నాడు తెల్లారకముందే స్టేషన్ ఘన్‌పూర్ చర్చివాళ్ళమంతా సమాధుల తోటకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా విమల పోయిన ఈ ఆరేళ్ళలో మణెమ్మ ఒక్కసారీ మానలేదు. ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్ళది, విషజ్వరంతో పోయింది. సమాధిలోంచి యేసు లేచినట్టే ఏదో ఒకనాడు పిల్లా లేస్తుంది, అమ్మా అని పిలుస్తుంది అన్న నమ్మకంతోనే మణెమ్మ మళ్ళీ అన్నం ముట్టింది, మళ్ళీ పనికి పోయింది. ఆ నమ్మకం కాస్తా పోతే ఈ మనిషి ఏమైపోతుందో అన్న బెంగ పట్టుకుంది నాకు.

పాస్టరుగారిని అడిగాను. “గసొంటియి చూడొద్దని చెప్పు,” అన్నాడు. చూసేసినవాళ్ళను ఏం చెయ్యాలో మాత్రం ఆయన చెప్పలేదు.

ఇక నేనే పూనుకున్నాను. శనివారం పొద్దున ఆమె బియ్యం చెరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

“మణెమ్మా, రాయి మీద ఉన్నదంత నిజమైతదా? నర్సింహులపేట అవతల ఒక ఊర్ల కమ్యూనిటీ హాలుకు శంకుస్థాపన రాయి నేనే చెక్కిన. రాయి ఉన్నది, దాని మీద నలుగురు పెద్దమనుషుల పేర్లున్నయి. హాలేది? ఆడ గొర్లు పండుకుంటున్నయి. రెండువేల ఏండ్లకు ఎవడన్న తవ్వితే, ఈడ పెద్ద హాలుండెనని వీడియో తీస్తడు.”

మామూలుగా అయితే పకపకా నవ్వేది. నవ్వలేదు.

“ఇంకోటి జూడు. మన సమాధుల తోటల రాళ్ళ మీద నేను పేర్లు చెక్కిన మరియమ్మలే పదకొండు మంది. యోసేపులు ఆరుగురు. గా దేశంల గా పేర్లకు కరువా? పేరు జూసి గీయనే గాయన అంటే ఎట్ల?”

“గవన్ని నాకు తెల్వదు,” అంది. “లీడర్లు అబద్ధాలు చెక్కించుకుంటరు, సరే. సచ్చినోళ్ళ రాయి మీద ఎవడన్న అబద్ధం చెక్కుతడా? నువ్వు చెక్కుతవా? చెప్పు.”

చెక్కుతానంటే ఆరేళ్ళుగా నేను దాచింది బయటపడుతుంది. చెక్కనంటే ఆ వీడియోవాడిదే గెలుపు.

“చెక్కిన,” అన్నాను.

“ఎవరిది?”

“మన విమలది.”

ఆమె చేట కింద పెట్టింది.

పిల్ల పోయిన ఏడు ఫిబ్రవరిలో మణెమ్మ భూపాలపల్లి అవతల మిరపకాయలు ఏరడానికి పోయింది. ఇక్కడ పిల్లకు జ్వరం ముదిరితే దవాఖానలో చేర్చాను. “జర సీరియస్‌గ ఉన్నది, జల్ది రా,” అని ఫోన్ చేసేటప్పటికే అది పోయి గంట దాటింది. అది తొమ్మిదో తారీఖు సాయంత్రం. మణెమ్మ ఆటోలు, బస్సులు మారి తెల్లారి వచ్చింది. దవాఖాన గేటు దగ్గర నా అంగీ పట్టుకుని, “నేనొచ్చేదాంక ఆగలేదా?” అని అడిగింది. ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. “ఆగింది. నీకోసమే చూసింది. ఇప్పుడే, తెల్లారంగ పోయింది,” అన్నాను. ఆ తర్వాత ఆ అబద్ధాన్నే పదో తారీఖని రాతిలో చెక్కాను. అప్పటినుంచి ప్రతి నెలా పదో తారీఖున ఆమె ఉపవాసం ఉంటోంది.

ఇదంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“అంటే, నేను బస్సుల ఉన్నప్పుడే అది లేదు,” అంది.

“లేదు.”

“దాని చెయ్యి ఎవరు వట్టుకున్నరు?”

“నేనే వట్టుకున్న. ఆఖరిదాంక ఇడువలే.”

ఆమె ఏడ్చింది. పిల్ల ఇవాళే పోయినట్టు ఏడ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవడో వీడియోవాడి నుంచి కాపాడబోయి నేనే ఈమెను నిలువునా ముంచేశానని అనుకున్నాను.

చివరికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. మూలనున్న నా ఉలుల సంచి తెచ్చి నా ముందు పడేసింది.

“లే. తోటకు పోదాం.”

“పండుగ రేపు గదా?”

“ఇయ్యాల్నే పోవాలె. ఆ తారీఖు సరిజెయ్యాలె.”

“చెక్కింది చెరగదే.”

“చెరగకుంటే రాయి తిప్పి ఎనకదిక్కు చెక్కు,” అంది మణెమ్మ. “పిల్ల లేసిననాడు తన రాయి మీద నాయిన చెక్కిన అబద్ధం సదువొద్దు.”