రోడ్డు దాటబోయిన ఆడవాళ్ల వార్డు

తప్పులుంటే సర్దుకుని చదవండి. మా ఆయన పోయాకే అక్షరాలు దిద్దాను. నా రాత మెల్లగా నడుస్తుంది, ఒత్తుల దగ్గర ఆగిపోతుంది.

మా సర్కారు ఆసుపత్రిలోంచి రోజుకో గది రోడ్డు దాటి అవతలి అద్దాల ఆసుపత్రిలోకి వెళ్లిపోతోంది. సోమవారం ఎక్స్‌రే గది వెళ్లింది. మంగళవారం కాన్పుల గది అటూ ఇటూ చూసుకుని దాటింది. లారీలు ఆగి దారిచ్చాయి.

జనం వైద్యం ప్రైవేటు చేతుల్లోకి ఎలా పోతోందో పరిశోధించడానికి డాక్టర్ నళినీకుమారి వచ్చారు. ఖాళీ అయిన చోటల్లా టేపుతో కొలిచి రాసుకుంటున్నారు.

ఈరోజు ఆడవాళ్ల వార్డు లేచి నిలబడుతుంది. అందులో మా తోటికోడలు గంగులమ్మ ఉంది. ఆక్సిజన్ గొట్టం తీస్తే గంట కూడా బతకదు.

ఓపీ దగ్గర మేం నిలబడలేక చెప్పులు వరసలో పెట్టి కూర్చుంటాం. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ దాటరు. నేను నా చెప్పులు వార్డు ముందు పెడతాను. మిగతా ఆడవాళ్లూ పెడతారు. డాక్టరమ్మ తన బూట్లు విప్పి చివర పెడతారు.

వార్డు ఆగుతుంది. ఇక్కడే పెరిగిన గది, దానికీ పద్ధతి తెలుసు.

"మీ ఇష్టంతోనే వెళ్తున్నారా?" డాక్టరమ్మ కాగితం తీసి దాన్ని అడుగుతారు.

"నాకు సున్నమేసి పదేళ్లయింది. అక్కడ రోజూ తుడుత్తారంట," అంటుంది వార్డు.

"మరి నన్నూ తీసుకెళ్తావేటే?" లోపలినుంచి గంగులమ్మ అడుగుతుంది.

"మంచం వత్తాది. నీ సంగతి నాకెవరూ చెప్పనేదు."

"ఓసి నీ మొహం మండా! మూడు కాన్పులకీ నీలోనే కదే పడుకున్నాను!"

వార్డు గోడలు లోపలికీ బయటికీ కదులుతాయి. దగ్గు వస్తుంది, కిటికీలు గలగలమంటాయి. డాక్టరమ్మ గోడకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు వింటారు.

"నెమ్ము చేసింది. డిశ్చార్జి చెయ్యకుండా రోగిని ఎవరూ తీసుకెళ్లలేరు," అని చీటీ రాస్తారు. పేరు, ఆడవాళ్ల వార్డు. వయసు, నలభై రెండు.

మేమందరం తలోవైపు పట్టుకుని వార్డును దాని లోపలికే తీసుకెళతాం. గంగులమ్మ పక్క మంచం మీద పడుకోబెట్టి, కిటికీల దాకా దుప్పటి కప్పుతాం. గంగులమ్మ కాసేపు కోపంగా చూస్తుంది. తర్వాత ముక్కులో ఉన్న గొట్టం రెండు కొసల్లో ఒకటి తీసి దాని తలుపు సందులో పెడుతుంది.

ఇద్దరూ ఒకే ఊపిరి తీస్తున్నారు.

బొంతు నూకాలమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ప్రస్తుతం ఆ రెండు మంచాల మధ్య ఉంటున్నాను.