సైకిల్లో చప్పుడు

బావ కొన్న సైకిలు మీద మెకానిక్‌కు కోపమేమీ లేదు. సైకిలు మంచిదే. నల్లగా నిగనిగలాడుతుంది, చిటికెన వేలికి తగిలించి లేపొచ్చు. కోపమల్లా బావ మీదే. మూడు వారాలుగా షాపు తలుపు తీసీ తీయకముందే ఆయన వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, చెవిలో జోరీగలా అదే మాట అంటున్నాడు.

"ఒరే, ఇంకా టక్కుమంటోంది."

ఎత్తు ఎక్కేటప్పుడు ఎడమ పెడలు పైకొచ్చిన ప్రతిసారీ టక్కుమంటుందట. మెకానిక్ పెడళ్ళు విప్పి గ్రీజు పెట్టాడు. బేరింగులు తీసి కడిగాడు. సీటు గొట్టం తుడిచి మళ్ళీ బిగించాడు. తనే ఎక్కి, షాపు ముందున్న ఎత్తు రోడ్డు మీద నాలుగుసార్లు తొక్కి చూశాడు. సైకిలు కిక్కురుమనలేదు.

"నువ్వెక్కితే ఎందుకంటుంది? బక్కప్రాణివి. నాలాంటి మనిషి ఎక్కాలి," అన్నాడు బావ.

అదీ నిజమేనేమోనని మెకానిక్ మళ్ళీ అన్నీ విప్పాడు. తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క ఫోను చేయకపోతే ఇదంతా నవ్వులాటగానే పోయేది. వాళ్ళుండేది పై అంతస్తులో. వంటింటి కప్పు మళ్ళీ కారుతోంది. వాన పడితే పొయ్యి పక్కన బకెట్టు పెట్టుకుని, గిన్నెలు అటూ ఇటూ జరుపుకుంటూ వండుతోంది అక్క. కప్పు కోసం దాచిన డబ్బు ఉంది. బావేమో ఈ సైకిలు వెనక్కిచ్చేసి, ఆ డబ్బు కలిపి, దీనికన్నా పై రకం తెచ్చుకుంటానంటున్నాడు. అమ్మినవాళ్ళు శనివారం దాకా గడువిచ్చారట.

"ఆ చప్పుడేదో నువ్వే పట్టుకోరా. లేకపోతే నా వంటిల్లు ఇక ఇంతే," అంది.

అక్క నోరు తెరిచి ఏదైనా అడిగే మనిషి కాదు. అందుకే అతనికి కడుపు మండిపోయింది.

శనివారం పొద్దున బావ రానే వచ్చాడు, చేతిలో పై రకం సైకిళ్ళ బొమ్మల పుస్తకంతో.

"సగం ధరకొచ్చేది కూడా ఇంతే పరిగెడుతుంది బావా. మిగతా సగం గొప్ప చెప్పుకోడానికి," అన్నాడు మెకానిక్, ఇక ఉండబట్టలేక.

"నువ్వూ మీ అక్కా ఒకటే. నేను బెల్లు కొట్టకముందే తలుపు తీస్తుంది, సైకిలు గోడకి రాస్తానేమోనని కాపలా. ఆదివారం సైకిళ్ళు తొక్కే గుంపులో అందరూ నన్ను వెనకొదిలేసి ఎత్తు ఎక్కేస్తున్నార్రా. ఈ చప్పుడు వింటే నాకు కాళ్ళల్లో సత్తువ పోతోంది."

ఆడలేక మద్దెల ఓడు అందామని నోటిదాకా వచ్చింది. మింగేసి, మూలనున్న పాత సైకిలు బయటికి లాగాడు మెకానిక్. సామాన్లు మోసేది. దానిమీద రంగెక్కడుందో తుప్పెక్కడుందో కనిపెట్టడం కష్టం.

"ఒక్కసారి దీన్నెక్కి ఆ ఎత్తు దాకా వెళ్ళిరా."

బావ గొణుక్కుంటూ ఎక్కాడు. మెకానిక్ పక్కనే పరిగెత్తాడు. టక్. టక్. టక్.

బావ దిగి మొహం చిట్లించాడు. "చూశావా, దీనికీ అదే రోగం. తుప్పు పట్టింది కాబట్టి సరే. అంత పోసి కొన్నదానికీ ఉంటే ఎలారా?"

మెకానిక్ బావను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి, కాలు చాపి ముడవమన్నాడు. అరచేతి కింద టక్కుమంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారట వెనకటికి ఎవరో. ఇక్కడ ఆ పిల్ల కోసం మూడు వారాలు బోల్టులు విప్పారు.

బావ మళ్ళీ ముడిచి చూసుకున్నాడు. ఇంకోసారి. ఆయన మొహం చూస్తే మెకానిక్‌కు జాలేసింది, ఎంత వద్దనుకున్నా.

"పోనీ, పై రకం అయితే..." అన్నాడు బావ మెల్లగా.

"దాన్ని తొక్కేదీ ఈ మోకాలే కదా బావా."

మెకానిక్ అక్కకు ఫోను కలిపి, ఇద్దరికీ వినపడేలా పెట్టాడు. "అక్కా, చప్పుడు దొరికింది. సైకిలుది కాదు. బావ ఎడమ మోకాలిది."

"ఆ చప్పుడా?" అంది అక్క. "నాలుగేళ్ళుగా వింటున్నా. సైకిలు సైకిలు అన్నారే గానీ, ఎలాంటి చప్పుడో నాకెవరైనా చెప్పారా? ఆయన మెట్లెక్కుతుంటే కింది అంతస్తు నుంచే తెలుస్తుంది. బెల్లు కొట్టకముందే తలుపు ఎలా తీస్తున్నాననుకున్నారు?"

బావ మోకాలి మీద చెయ్యి తియ్యలేదు. బొమ్మల పుస్తకం ఒళ్ళోంచి జారి కింద పడింది. దాన్ని తీసుకోకుండా ఫోను దగ్గరికి వంగాడు.

"కప్పు పనివాణ్ణి ఇవాళే రమ్మను. నేనూ వస్తున్నా," అన్నాడు.

"రండి," అంది అక్క. "నాకు వినిపిస్తుందిలెండి."